బ్లేడు మార్చుకునే రందా కొనొచ్చా? లేక సాన పట్టడమే నేర్చుకోవాలా?

శనివారం_షెడ్డు (హైదరాబాద్)
అందరికీ నమస్తే. నాది వడ్రంగం వృత్తి కాదు, సెలవు రోజుల్లో బాల్కనీలో చేసే పని. పీటలు, పుస్తకాల అరలు, ఒక టీపాయ్, అంతవరకే. నా దగ్గర ఉన్నది నాలుగో నంబరు సైజు ఇనుప రందా (చెక్కను చిత్రిక పట్టే పనిముట్టు), పంజాబ్ సరుకు. మంచిదే. కానీ దానికి పదును పెట్టడానికే సగం శనివారం పోతోంది.

ఈ మధ్య బ్లేడు మార్చుకునే రందాల గురించి చదివాను. మొద్దుబారితే తీసి పారేసి కొత్తది పెట్టుకోవడమే. స్టాన్లీలో ఆర్‌బీ5 అని ఒకటి ఉంది. స్విట్జర్లాండ్‌లో రాలి అనే కంపెనీ ఇలాంటివి చేస్తుంది, లివర్ లేపి బ్లేడు తిప్పి పెట్టుకోవచ్చు, దానికి రెండు వైపులా పదును ఉంటుంది. జపాన్ వాళ్లవి చెక్క బాడీతో వస్తాయి. వీటిలో ఒకటి తెప్పించుకుంటే డబ్బు దండగా? వాడినవాళ్లు చెప్పండి.

బాడిస (రాజమండ్రి)
వద్దు బాబూ. పదును పెట్టడం రాకుండా తోపడ (మీరనే రందాయే) పట్టుకుంటే ఆ పని ఎప్పటికీ రాదు. మా నాన్న నాకు తోపడ ఇవ్వకముందే సానరాయి ఇచ్చాడు. ఇవాళ బ్లేడు పారేస్తావు, రేపు ఉలి మొద్దుబారుతుంది. అప్పుడు ఉలిని కూడా పారేస్తావా?

కువైట్_తలుపులు
బాడిస గారూ, ఆ ఒక్క మాటతో తేల్చేయకండి. మాది నిజామాబాద్ దగ్గర పల్లె, కువైట్‌లో తలుపులు బిగించే పని చేస్తున్నా. రోజంతా ఫ్లష్ డోర్లు, లామినేట్ అంచులు, పార్టికల్ బోర్డు. వీటిమీద మీ రాజమండ్రి పదును రెండు తలుపులు కూడా నిలబడదు. సైటులో నీళ్ల బకెట్టు, రాయి పెట్టుకుని కూర్చుంటే ఫోర్‌మన్ ఊరుకోడు. మా టూల్ బాక్సుల్లో మార్చుకునే బ్లేడువే ఉంటాయి. అరనిమిషంలో కొత్త బ్లేడు, పని మొదలు. అందంగా రాదు. కానీ తలుపు మూసుకుంటుంది, బిల్లు పాసవుతుంది.

శనివారం_షెడ్డు
అన్నా, నాకు ఫోర్‌మన్ లేడు కానీ భార్య ఉంది, బకెట్టు సంగతి ఇక్కడా అంతే. నేను చేసేది ఎక్కువగా టేకు, కొంచెం ప్లైవుడ్. ఖర్చు ఎలా పడుతుందో ఎవరైనా చెప్పగలరా?

లెక్కల_పద్దు (విజయవాడ)
చెప్తా. అంకెలు నావి, మీ ఊరి రేట్లు వేసుకుని మళ్లీ చూసుకోండి. వడ్రంగి రోజు కూలి 1,200, పని 8 గంటలు అనుకుందాం. గంటకు 150 పడుతుంది. ఒకసారి సాన పట్టడానికి 10 నిమిషాలు పడితే ఖర్చు 25 రూపాయలు. రెండు వైపుల పదునున్న బ్లేడు 150కి దొరికిందనుకోండి, ఒక్కో అంచుకు 75. అంటే సాన పట్టడానికి అరగంట పట్టేవాడికే బ్లేడు మార్చడం గిట్టుబాటు. ఒకవైపే పదునున్నదైతే గంట పట్టేవాడికి.

ఇందులో రాయి అరుగుదల వేయలేదు. విదేశం నుంచి తెప్పిస్తే పడే కొరియరూ, కస్టమ్స్ డ్యూటీ కూడా వేయలేదు. అవి కలిపితే బ్లేడు వైపు లెక్క ఇంకా చెడుతుంది.

శనివారం గారూ, మీకు కూలి లేదు కాబట్టి ఈ లెక్క మీకు సగమే వర్తిస్తుంది.

బాడిస
పది నిమిషాలు ఎవరికి పడుతుంది? అంచు పూర్తిగా చచ్చిపోయేదాకా తోసుకుంటూ పోతే పది కాదు, ఇరవై పడుతుంది. తోస్తుంటే చేతికి బరువు తెలిసిన వెంటనే తీసి రాయి మీద నాలుగు రుద్దులు రుద్ది, వెనక తిప్పి ఒకటి. రెండు నిమిషాల పని. కొత్తవాళ్లంతా ఆ రెండు నిమిషాలు దాటేసి, తర్వాత అరగంట రుద్ది, సాన పట్టడం కష్టం అంటారు.

ఇంకో సంగతి. బ్లేడు ముక్క ఎగిరిపోయిందని మోటారు సాన దగ్గరికి పట్టుకెళ్తారు. అంచు వేడెక్కి నీలం రంగు తేలితే ఆ భాగం మెత్తబడిపోయినట్టే, దాన్నిక ఎంత రుద్దినా పదును నిలవదు. చాలామంది "ఈ ఇనుము నాసిరకం" అనేది అలాంటి బ్లేడునే.

కాఫీ_మరక (ఒంగోలు)
చిన్న ఉదాహరణ. మా ఊళ్లో క్షౌరశాలలన్నీ ఒకప్పుడు కత్తిని తోలుపట్టీ మీద నూరేవి. ఇప్పుడు సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తులే. దానివల్ల గడ్డం గీసే విద్య పోయిందా? లేదు కదా. రందా విషయంలో మాత్రం ఎందుకింత పట్టుదల?

బాడిస
వాళ్లు మార్చింది పదును కోసం కాదు, రోగాలు అంటుకుంటాయన్న భయంతో. టేకుకి ఎయిడ్స్ రాదు.

కాఫీ_మరక
😀 సరే, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కోబె_మామయ్య (జపాన్)
నేను కోబెలో ఉంటాను. ఉద్యోగం వేరు, చెక్కపని సరదా. ఇక్కడికి దగ్గర్లోనే మికి అనే ఊరుంది, చేతి పనిముట్లకు పేరు పడిన ఊరు. నవంబరులో అక్కడ పనిముట్ల జాతర జరుగుతుంది. కమ్మరులు, రంపాలు చేసేవాళ్లు దుకాణాలు పెడతారు. చెక్కపని ఇష్టమున్నవాడు జేబు ఖాళీ చేసుకోకుండా బయటికి రాలేడు.

ఇక్కడి రందాను ముందుకు తోయరు, తమవైపు లాగుతారు. బాడీ ఓక్ చెక్క దిమ్మ. పాత పద్ధతి బ్లేడు మందంగా ఉంటుంది. మెత్తటి ఇనుము మీద గట్టి ఉక్కు పొర అతికి కాలుస్తారు. రాయి మీద ఆ మెత్తటి ఇనుము తొందరగా అరుగుతుంది కాబట్టి గట్టి ఉక్కుకు పదును పెట్టడం సులువవుతుంది. ఆ దిమ్మలోనే మార్చుకునే పలుచటి బ్లేడు బిగించేవి కూడా అమ్ముతారు. వాటిని ఇక్కడ "కాయెబా" అంటారు. సునేసబురో లాంటి పేరున్న రందా తయారీదారు కూడా వాటిని చేస్తుంది. కాబట్టి ఇది చేతకానివాళ్ల సరుకు అనుకోవద్దు. ఇళ్లు కట్టే వడ్రంగులు సైటుకు అదే తీసుకెళ్తారు. దూలాలు చాలావరకు ఫ్యాక్టరీలోనే కోతపడి వస్తాయి. సైటులో రందా పని తక్కువ, ఆ కాస్త పనికి రాళ్ల పెట్టె మోయడం ఎందుకని.

ఇంకోపక్క 1997లో మొదలైన కెజురోకాయ్ అనే సంఘం ఉంది. ఎవరు పలుచటి పొర తీస్తారో పోటీలు పెడతారు, మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలుస్తారు. అక్కడ మాత్రం సొంతంగా నూరుకున్న బ్లేడ్లదే రాజ్యం.

రంపాల విషయంలో యుద్ధం ఎప్పుడో ముగిసింది. పళ్ల కొసలు నల్లగా ఉండే రంపాలు మన దగ్గరా వస్తున్నాయి కదా, అవి ఆకురాయికి లొంగవు. మొద్దుబారితే బ్లేడు మార్చడమే. మన మేస్త్రీలు కూడా ఆ రంపాలే వాడుతున్నారు, ఎవరూ గొడవ చేయలేదు.

ఫ్రిస్కో_చెక్కపొట్టు (డాలస్)
నూరడం విద్యా కాదా అన్న చర్చ అలా ఉంచండి. నా అభ్యంతరం వేరే ఉంది. ఫ్యాక్టరీ బ్లేడు అంచు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. వెడల్పాటి పలక మీద నున్న చిత్రిక పట్టేటప్పుడు అలా ఉండకూడదు. రెండు మూలలు వెంట్రుకవాసి వెనక్కి పోయేలా నూరాలి. లేకపోతే తోసిన ప్రతిసారీ మూల దిగబడి సన్నటి గీత పడుతుంది. టేకు టేబుల్ మీద పాలిష్ వేశాక ఆ గీతలు పక్కనుంచి వెలుగు పడితే బయటపడతాయి. ఇసక కాగితంతో పోగొట్టొచ్చు, కానీ అప్పుడు రందా పట్టింది దేనికి?

రెండోది, బ్లేడు మీద బిగించే రెండో పలక, క్యాప్ ఐరన్. యమగాటా యూనివర్సిటీ ప్రొఫెసర్లు కవాయి, కాటో దీనిమీద ప్రయోగాలు చేసి చిత్రీకరించారు. ఆ పలకను అంచుకు మిల్లీమీటరులో పదో వంతు దగ్గరికి తెస్తే ఎదురు నార మీద కూడా పెచ్చు లేవకుండా పొర వంగిపోతుంది. మీ నాలుగో నంబరు రందాలో ఆ దూరం మీ చేతిలో ఉంటుంది. చవక రకం మార్చుకునే బ్లేడు రందాల్లో బిగింపు ఎలా చేసిస్తే అలాగే, సర్దుకునే వీలుండదు. టేకులో నార అటూ ఇటూ తిరిగే చోట ఇది తెలిసొస్తుంది.

నా దగ్గర వెరిటాస్ కంపెనీ వాళ్ల పీఎం-వీ11 అనే రకం ఉక్కు బ్లేడు ఉంది. ఖరీదు ఎక్కువే కానీ పదును చాలాసేపు నిలుస్తుంది. పారేసే బ్లేళ్లకు పెట్టే డబ్బు ఒక మంచి బ్లేడు మీద పెట్టడం మేలని నా లెక్క.

మాడ్యులర్_మహేంద్ర (వరంగల్)
ఇంతసేపూ ఎవరూ అనని మాట ఒకటి. మనం పారేసే బ్లేళ్లు వాడుతూనే ఉన్నాం కదా! కరెంటు ప్లానర్‌లో ఏముంది? 82 ఎంఎం కార్బైడ్ (ఉక్కుకన్నా గట్టిది) బ్లేడు, రెండు వైపులా పదును. ఒకవైపు పోతే తిప్పుతాం, రెండోదీ పోతే పారేస్తాం. బాష్‌కీ అదే, మకీటాకీ అదే సైజు. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) బ్లేడు నూరుకోవచ్చు, దానికి హోల్డర్ కూడా వస్తుంది. నూరేవాళ్లను నేను చూడలేదు.

కాబట్టి పారేయడం తప్పా ఒప్పా అన్నది నాకు ప్రశ్నే కాదు. ప్రశ్న ఒక్కటే, బ్లేడు రేపు మన ఊళ్లో దొరుకుతుందా? ప్లానర్ బ్లేడు వరంగల్ చౌరస్తాలో దొరుకుతుంది. స్విట్జర్లాండ్ బ్లేడు దొరకదు. మీరు మెచ్చి కొన్న మోడల్ కంపెనీ ఆపేసిందనుకోండి, అందులో పట్టే బ్లేడు ఇంకెవరూ చేయరు. ఆ రందా పేపర్ వెయిట్ అవుతుంది. అదే మామూలు రందా చూడండి. ఈ నమూనా కనిపెట్టిన లెనార్డ్ బెయిలీ పేటెంట్లను స్టాన్లీ 1869లో కొనుక్కుంది, ఇప్పటికీ అదే నమూనా. రెండంగుళాల బ్లేడు పంజాబ్‌ది తెచ్చి ఇంగ్లీషు రందాలో పెట్టినా కాస్త సర్దుకుంటే కూర్చుంటుంది.

కువైట్_తలుపులు
మహేంద్ర అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇక్కడ మా స్టోరులో డబ్బాల్లో ఉంటాయి కాబట్టి మేం వాడతాం. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఒకటి వెంట తెచ్చుకున్నా. ఉన్న బ్లేళ్లు అయిపోయాక అది అటక మీదకు పోయింది.

బాడిస
చూశారా.

కువైట్_తలుపులు
"చూశారా" కాదు పెద్దాయనా. మీరు 710 ప్లైవుడ్ అంచు ఎప్పుడైనా తోపడతో కొట్టారా?

మాడ్యులర్_మహేంద్ర
దానికి జవాబు నేను చెప్తా. ఐఎస్ 710 మెరైన్ ప్లైలో పొరల మధ్య ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. అది గట్టిపడ్డాక ఉక్కు అంచును తినేస్తుంది. కాసేపు తోసి బ్లేడు తీసి వెలుగులో చూడండి, జిగురు గీత తగిలిన చోటల్లా చిన్న చిన్న నొక్కులు ఉంటాయి. లామినేట్ అంటించిన అంచైతే ఇంకా ఘోరం. పాత ఇంటి తలుపుల్లో విరిగి లోపలే ఉండిపోయిన మేకుల సంగతి చెప్పక్కర్లేదు. ఇలాంటి పనికి నా మంచి రందా బయటికి తీయను. అక్కడ పారేసే బ్లేడే న్యాయం.

బాడిస
ప్లైవుడ్‌కి తోపడ ఎవరు పెట్టమన్నారు? రౌటర్ ఉంది, ట్రిమ్మర్ ఉంది. అయితే మేకుల మాట మాత్రం నిజమే. శ్రావణ భాద్రపదాల్లో మా గోదావరి పక్కన తలుపులు ఉబ్బి పట్టేస్తాయి, రోజూ ఎవరో ఒకరు ఫోను చేస్తారు. పాత తలుపు అంచు, పైన మూడు పూతల పెయింటు, లోపల ఏముందో తెలియదు. ఆ పనికి నేను పాత అరిగిపోయిన బ్లేడు ఒకటి విడిగా పెట్టుకున్నా. మంచిది ఇంటి దగ్గరే ఉంటుంది. నాకు కొత్త తోపడ అక్కర్లేదు, పాత బ్లేడు చాలు.

ఆ తలుపుల దగ్గర ఇంకో మాట. వానల్లో పట్టిందని ఎక్కువ కోసేస్తే ఎండాకాలం వచ్చేసరికి సందు పడి గాలి కొడుతుంది. రూపాయి నాణెం దూరేంత సందు చాలు.

లెక్కల_పద్దు
ఇది బాగుంది. 2 అంగుళాల అదనపు బ్లేడు ఒకటి, దానికి క్యాప్ ఐరన్ ఇంకొకటి కొని జతగా పెట్టుకుంటే, అవసరమైనప్పుడు జత మొత్తం మార్చేయొచ్చు. సైటులో నూరే పని లేదు, ఇంటికొచ్చాక తీరిగ్గా నూరుకోవచ్చు. కొత్త రందా కొనే ఖర్చూ తప్పుతుంది.

గోడమీద_పిల్లి (అనంతపురం)
నేను స్టాన్లీ ఆర్‌బీ5 వాడాను కాబట్టి నా అనుభవం. తేలిక, ఒంటి చేత్తో పట్టుకోవచ్చు, మూలలు కొట్టడానికి, పీట కాలు అంచు గుండ్రం చేయడానికి హాయి. పెట్టెలోంచి తీసిన క్షణం నుంచే కోస్తుంది. మామూలు కొత్త రందా అలా కాదు, కొన్నాక అడుగు సమం చేసి, బ్లేడు వెనక భాగం చదును చేసేదాకా కోయదు. కానీ గట్టి చెక్క మీద లోతు పెంచితే బ్లేడు పలుచన వల్ల దడదడా కొట్టుకుంటుంది, చెక్క మీద అలల్లా మచ్చలు పడతాయి. తుమ్మ మీద అయితే వదిలేశా.

ఇంకోటి చెప్తా, బాడిస గారికి కోపం రావచ్చు. మన సైటుల్లో ఎక్కువమంది ఒక్క గరుకు రాయి మీదే నూరి ఆపేస్తారు. ఆ అంచు కన్నా ఫ్యాక్టరీ బ్లేడే నయం. నున్న రాయి దాకా వెళ్లి నూరినవాడి అంచు మాత్రం ఫ్యాక్టరీ దాన్ని ఓడిస్తుంది. మీ పోలిక మీతో కాదు, ఆ గరుకు రాయి వాళ్లతో.

బాడిస
కోపం ఎందుకు, నిజమే. నా దగ్గరికి పనికొచ్చే కుర్రాళ్లలో సగం మంది అంతే.

ఫ్రిస్కో_చెక్కపొట్టు
ఆ పలుచటి బ్లేళ్లు అసలు నూరకూడదని ఏమీ లేదు. ఉక్కువైతే నూరుకోవచ్చు. పట్టుకోవడమే కష్టం. ఒక చెక్క ముక్క చివర రంపంతో సన్నటి గాడి కోసి అందులో బ్లేడు దూర్చి పట్టుకుంటే, నున్న రాయి మీద ఒకటి రెండుసార్లు ప్రాణం పోయొచ్చు. కార్బైడ్ అయితే మామూలు రాయి చాలదు, డైమండ్ ప్లేటు కావాలి. ఇంత కష్టపడేవాడు మందపు బ్లేడే నూరుకోవచ్చు కదా అంటే, అవును.

వాడేసిన బ్లేళ్లు మాత్రం చెత్తబుట్టలో వేయకండి. చెత్త ఎత్తేవాళ్ల చేతులు తెగుతాయి. మూత ఉన్న రేకు డబ్బాలో వేసి, నిండాక పాత ఇనుముకు ఇచ్చేయండి.

శనివారం_షెడ్డు
అందరికీ థ్యాంక్స్. ఇది చదివాక నాకు తేలింది ఇదీ: నా పని ఎక్కువ టేకు పలకలు, కాబట్టి మూలలు వెనక్కి నూరుకునే బ్లేడే కావాలి. ప్లైవుడ్ అంచులకి లెక్కల పద్దు గారు చెప్పినట్టు రెండో బ్లేడు జత తీసుకుంటా. విదేశీ రందా ప్రస్తుతానికి ఆపేశా. కోబె మామయ్య గారు ఇండియా వచ్చేటప్పుడు ఒకటి తెస్తే వద్దనను.

ఇప్పుడు అసలు ఇబ్బంది. టేకు మీద నా పదును త్వరగా పోతోంది. తప్పు నాదా, బ్లేడుదా?

కోబె_మామయ్య
కొంత టేకుది. దానిలో సిలికా ఉంటుంది, అంటే ఇసకలో ఉండే పదార్థమే. ఏ ఉక్కునైనా అరగదీస్తుంది. ఏ కోణంలో నూరుతున్నారు?

శనివారం_షెడ్డు
చేతి వాటంగానే. కోణం కొలవలేదు. చక్రం ఉన్న హోనింగ్ గైడు (నూరేటప్పుడు బ్లేడును ఒకే కోణంలో పట్టి ఉంచేది) కొన్నా, అందులో బ్లేడు ఎంత బయటికి పెట్టాలో తెలియక పక్కన పడేశా.

ఫ్రిస్కో_చెక్కపొట్టు
రెండు పక్కల నుంచి స్క్రూతో నొక్కే చవక రకమేనా? పాత ఎక్లిప్స్ కంపెనీ నమూనాది? అయితే సులువు. రందా బ్లేడును 50 ఎంఎం బయటికి పెడితే 25 డిగ్రీలు వస్తుంది, 38 ఎంఎం పెడితే 30. ముందు 25లో గరుకు రాయి మీద ఏటవాలు మొత్తం సరిచేయండి. తర్వాత 30కి మార్చి 1000 నంబరు రాయి, ఆపైన ఇంకా నున్నటి 4000 లేదా 6000. వెనకవైపు చేత్తో తడిమితే సన్నటి గరుకు తగలాలి, అది తగిలేదాకా రాయి మార్చొద్దు. చివర్లో మూలల మీద వేలితో ఒత్తి నాలుగు రుద్దులు, వెనక్కి పోయే వాలు అదే వస్తుంది. తర్వాత నుంచి 30 మీద నున్న రాయి ఒక్కటే చాలు. బాడిస గారి రెండు నిమిషాలు అదే.

శనివారం_షెడ్డు
ఒక చెక్క మీద 38, 50 గుర్తులు పెట్టి చిన్న ముక్కలు మేకులు కొట్టేస్తా. ఉలికి కూడా అవే కొలతలా?

బాడిస
కాదు. ఉలిని ఆ గైడు ఇంకాస్త కిందగా పట్టుకుంటుంది. మా అబ్బాయి దగ్గర అదే ఉంది. ఉలికి 25 కావాలంటే 40 ఎంఎం, 30 కావాలంటే 30 ఎంఎం. ఆ ముక్కలు మేకులతో కాదు, స్క్రూలతో బిగించు. మేకు కదిలితే కోణం కూడా కదులుతుంది.